మొదటి చెక్క ఓడ: ఏది చేయాలి, ఏ చెక్కతో చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. సింగరాయకొండలో ఉంటారు, ఉద్యోగం అయ్యాక సాయంత్రాలు చెక్కపని చేస్తారు, ఇంట్లో టేబుళ్లు, స్టూళ్లు చేసిన చెయ్యి. ఇప్పుడు బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్ ఓడ విక్టరీ నమూనా చేయాలని మనసు పడింది. ముక్కలన్నీ పెట్టెలో వచ్చే విదేశీ కిట్ కస్టమ్స్‌తో కలిపి లక్ష దాటుతోంది కాబట్టి, ప్లాన్ సంపాదించి ఇక్కడి టేకుతోనే చేస్తే ఎలా ఉంటుంది? చివర్లో ఇంకో మాట కూడా అడిగారు: మోటుపల్లి రేవుకు వచ్చిన పాతకాలపు ఓడ ఒకటి చేయగలమా?

మొదటి ఓడగా విక్టరీ వద్దు. రెండు తెరచాప కొయ్యల చిన్న స్కూనర్ తీసుకోండి. కిట్ అక్కర్లేదు. చెక్క మన జిల్లాల్లోనే దొరుకుతుంది, కానీ అది టేకు కాదు. మోటుపల్లి సంగతి చివర్లో చెప్తాను.

నేను కావలిలో ఉంటాను. ఐటీఐలో కార్పెంటరీ చెప్పి రిటైరయ్యాను. ఓడల పిచ్చి ఉద్యోగంలో ఉన్నప్పుడే పట్టుకుంది. ఇప్పుడు నావి చేసుకోవడం కంటే ఇతరులవి రిపేరు చేయడమే ఎక్కువైంది. కింద రాసినదాంట్లో సగం ఆ రిపేర్లు నేర్పిందే.

ముందు విక్టరీ ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. అది 1765లో నీళ్లలోకి దిగిన ఓడ. మూడు కొయ్యలు, 104 ఫిరంగులు. అసలు ఓడ మీద తాళ్లన్నీ కలిపితే 26 మైళ్లంటారు. ఇందులో ఏ ఒక్క పనీ మీ చేతికి అందనంత కష్టమేం కాదు, చేసిందే చేస్తూ పోవడం కష్టం. ఒక్కో ఫిరంగికి ఒక బండి, నాలుగు చక్రాలు, పేలినప్పుడు వెనక్కి దూసుకుపోకుండా పట్టుకునే లావు తాడు, రెండు పక్కలా చిన్న కప్పీలు, వాటి తాళ్లు. మొదటిది చేస్తుంటే ముచ్చటేస్తుంది. ముప్పయ్యోది చేసేటప్పుడు ఇంట్లోవాళ్లు పలకరించినా చిరాకేస్తుంది. ఒంగోలులో ఒకాయన ఉన్నారు, తలుపుల మీద చెక్కడం పనిలో నాకంటే మంచి చెయ్యి. మొదటి ఓడే విక్టరీ కిట్ తెప్పించారు. ఒక పక్క ఓడ ఒంటికి వేసే సన్న చెక్క పట్టీలు అంటించారు, రెండో పక్క సగంలో ఉంది, పెట్టె అటకెక్కింది. అదే మనిషి చిన్న స్కూనర్‌తో మొదలుపెట్టి ఉంటే ఈపాటికి మూడో ఓడ మీద ఉండేవారు.

మీకు నేను చెప్పే ఓడ సుల్తానా. 1767లో బోస్టన్‌లో కట్టారు. మరుసటి ఏడాది బ్రిటిష్ నౌకాదళం కొనుక్కుంది, అమెరికా తీరంలో సుంకాలు ఎగ్గొట్టేవాళ్లను పట్టుకోవడానికి వాడింది. పెద్ద ఫిరంగులు లేవు, అంచు మీద తిరిగే చిన్న తుపాకులు ఎనిమిదే. కొన్నప్పుడు నౌకాదళం వాళ్లు కొలతలు తీసి పటం గీయించారు. కాబట్టి ఇందులో ఊహించి చేయాల్సింది చాలా తక్కువ. ఇలాంటి పటాల నకళ్లు లండన్‌లో గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియం అమ్ముతుంది. డెక్ పొడవు 50 అడుగుల పైచిలుకు.

స్కేల్ 1:48 పెట్టుకోండి. మన వడ్రంగానికి ఇంతకంటే సుఖమైన స్కేల్ లేదు: అసలు ఓడ మీద అడుగు, మీ చేతిలో పావు అంగుళం. ఆ కాలపు నౌకాదళం పటాలు కూడా ఎక్కువగా ఈ కొలతలోనే ఉంటాయి. సుల్తానా మీ బల్ల మీద పన్నెండున్నర అంగుళాల ఓడ అవుతుంది, ముందుకు పొడుచుకొచ్చే కర్ర అదనం. దాని ముక్కు కాస్త గుండ్రం, అది చూసి భయపడకండి, విరుగుడు కింద చెప్తాను. గుండ్రం ముక్కు అసలే వద్దనుకుంటే కెనడా వాళ్ల బ్లూనోస్ ఉంది, 1921 నాటి చేపల వేట స్కూనర్. సన్న ముక్కు, ఒక్క ఫిరంగి లేదు. పొడవు 143 అడుగులు కాబట్టి దాన్ని 1:96లో, అంటే అడుగుకు అర పావు అంగుళం లెక్కన చేస్తే అడుగున్నర వస్తుంది.

పటం ప్రింటు ఇళ్ల ప్లాన్లు తీసే ప్లాటర్ షాపులో తీయించండి. ‘పేజీకి సరిపడా’ అనే ఆప్షన్ తీసేయమని గట్టిగా చెప్పండి. ప్రింటు చేతికి రాగానే పటం మీది కొలత గీతను స్టీల్ స్కేలుతో అక్కడే సరిచూసుకోండి. రెండు శాతం తేడా కంటికి కనపడదు, అడ్డపలకలు (ఓడ ఒంటికి ఆకారమిచ్చే, అడ్డంగా నిలబెట్టే పలకలు) కోశాక ఒకదానికొకటి కూర్చోనప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు చెక్క. అసలు ఓడకు టేకు, నమూనాకు టేకు ఒకటి కాదు. బొంబాయిలో వాడియా కుటుంబం వాళ్ల ఓడల యార్డు 1817లో టేకుతో కట్టిన ట్రింకోమలీ ఇవాళ్టికీ ఇంగ్లండులో హార్టిల్‌పూల్ రేవులో నీళ్ల మీదే ఉంది. ఉప్పునీళ్లను అంతకాలం తట్టుకునే కర్ర చాలా అరుదు. కానీ టేకు ముక్కను భూతద్దంతో చూడండి. రంధ్రాలు కనపడతాయి, పెద్దవి 0.3 మిల్లీమీటర్ల దాకా ఉంటాయి. 1:48లో లెక్కేస్తే అసలు ఓడ పలక నిండా అర అంగుళం బొక్కలు ఉన్నట్టు. తలుపు మీద అందంగా కనపడే ఆ గీతలే చిన్న ఓడ మీద దాన్ని బొమ్మలా చేసేస్తాయి. పైగా టేకులో నూనె ఉంటుంది, థిన్నర్‌తో తుడవకుండా అంటిస్తే సన్నపట్టీ ఎప్పుడో ఒకప్పుడు లేస్తుంది. చెక్క పేరు, ధర కాదు మీరు చూడాల్సింది, రేకలు, అంటే కర్రలోని నార గీతలు, ఎంత సన్నగా ఉన్నాయో చూడండి.

మన దగ్గర దొరికేవాటిలో నా వరస ఇది. లోపలి అస్థిపంజరానికి, అంటే అడుగు దూలానికీ అడ్డపలకలకూ 5 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై. మొదటి పొర పట్టీలకు గుమ్మడి టేకు. పేరులో టేకు ఉన్నా వేరే చెట్టు, తేలిక, తొందరగా మెలి తిరగదు, సా మిల్లుల్లో అడిగితే దొరుకుతుంది. ముక్కు దగ్గర, వెనక భాగంలో ఖాళీలు నింపడానికి కొండపల్లి బొమ్మల పొణికి చెక్క, వెన్నలా తెగుతుంది. పైకి కనపడే రెండో పొరకు ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు చాలా బాగుంటుంది, తెల్లగా, నున్నగా వస్తుంది. కోసిన వెంటనే ఆరబెట్టకపోతే మాత్రం నీలి మచ్చలు వస్తాయి, పురుగు కూడా పడుతుంది. బోరాక్స్ నీళ్లలో ముంచి నీడలో ఆరబెట్టుకోవాలి. ఇంత ఓపిక లేకపోతే ప్లైవుడ్ షాపులో స్టీమ్ బీచ్ వెనీర్ అడగండి. ప్లైకి అంటించి అమ్మే డెకరేటివ్ షీటు కాదు, విడి వెనీర్. అర మిల్లీమీటరు మందం ఉంటుంది, స్టీల్ స్కేలు ఆనించి బ్లేడుతో కోస్తే పట్టీలు రెడీ. మెడికల్ షాపులో 3 నంబర్ హ్యాండిల్, 11 నంబర్ సర్జికల్ బ్లేడ్లు తీసుకోండి, హాబీ కత్తులకు వేలు పోయనక్కర్లేదు.

అన్నిటికంటే విలువైనది మన ఉదయగిరిలో ఉంది. అక్కడి చెక్క గరిటెలు, స్పూన్లు చూసే ఉంటారు. నర్ది, బిక్కి, పాలబర్కి లాంటి కొండ చెట్ల కర్రతో చేస్తారు. వాటిలో బిక్కి మీకు కావాలి. ఓడల నమూనాలకు యూరప్ వాళ్లు ప్రాణం పెట్టే చెక్క బాక్స్‌వుడ్. బిక్కి జాతి కర్రను ఇంగ్లీషువాళ్లు ఇండియన్ బాక్స్‌వుడ్ అనేవాళ్లు, దువ్వెనలు చేయడానికి వాడేవాళ్లు. దువ్వెన పన్ను విరగకుండా నిలిచే కర్ర అంటే రేకలు ఎంత దగ్గరగా ఉంటాయో ఊహించండి. నాలుగు మిల్లీమీటర్ల కప్పీకి అడ్డంగా రంధ్రం వేసినా చీలదు. గరిటెలు చేసేవాళ్లను మర్యాదగా అడిగి తరుగు ముక్కలు కొనుక్కోండి. అరచేతి పొడవు ముక్కలు నాలుగుంటే ఒక ఓడ కప్పీలన్నీ వచ్చేస్తాయి.

ఒక హెచ్చరిక. ఎర్రచందనం ముక్క ఉంది, ఓడ అంచులకు బాగుంటుంది అని ఎవరైనా ఇవ్వబోతే చేతులు జోడించి వద్దనండి. వెలిగొండల పక్కన ఉన్నవాళ్లం, కాగితాలు లేని చిన్న ముక్క కూడా కేసు అవుతుంది. సుబాబుల్, జామాయిల్ కూడా వద్దు. చవకే, కానీ సన్నగా కోస్తే మెలికలు తిరుగుతాయి.

ఇక అసలు పని. చాలామంది ఓడ అందం తాళ్లలో, తెరచాపల్లో ఉందనుకుంటారు. మొదటి పట్టీ అంటించక ముందే ఓడ బాగుంటుందో లేదో తేలిపోతుంది. అడ్డపలకల అంచులను వంపుకు తగ్గట్టు ఏటవాలుగా అరగదీయడమే ఈ పనిలో గుండెకాయ. మధ్యలో ఉన్న పలకల అంచు దాదాపు చదరంగానే ఉంటుంది. ముక్కు వైపు, వెనక వైపు వెళ్లేకొద్దీ ఏటవాలు పెరుగుతుంది, పట్టీ ఆ అంచు మీద పూర్తిగా ఆనాలి. ఒక గీత మీద మాత్రమే ఆనితే అక్కడ గుబ్బ లేస్తుంది.

ఎలా తెలుస్తుందంటారా? రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న, ముడి లేని పట్టీ ఒకటి తీసుకుని ముక్కు నుంచి వెనకదాకా వేళ్లతో అదిమిపట్టి చూడండి. ఎక్కడైనా పలకకీ పట్టీకీ మధ్య వెలుతురు కనపడితే ఆ పలక పల్లం. పట్టీ ఎక్కడైనా మోకాలు వేస్తే ఆ పలక మెరక. పల్లానికి సన్న చీలిక అంటించాలి, మెరకను అరగదీయాలి. గరుకు కాగితాన్ని వేళ్లతో పట్టుకుని రుద్దకండి. పొడవాటి చెక్కకు అంటించి, కనీసం రెండు మూడు పలకల మీద ఒకేసారి ఆనేలా రుద్దండి. అడ్డపలకల అంచుల మీద చాక్‌పీసు రాసి రుద్దితే ఎక్కడ అరిగిందో, ఎక్కడ కాగితం తగల్లేదో రంగే చెప్తుంది. సుల్తానా గుండ్రం ముక్కుకు విరుగుడు కూడా ఇక్కడే ఉంది: ముందున్న మూడు పలకల మధ్య ఖాళీల్లో పొణికి దిమ్మెలు బిగించి, పటంలోని వంపుకు ఉలితో చెక్కి నునుపు చేయండి. అప్పుడు పట్టీకి మూడు అంచులు కాదు, మొత్తం ఒళ్లంతా ఆసరా అవుతుంది. ఈ పనికి వారం పడితే పట్టనివ్వండి.

పట్టీలు వేసేటప్పుడు తికమక ఒక్కటే. ఓడ నడుము దగ్గర చుట్టుకొలత ఎక్కువ, ముక్కు దగ్గర తక్కువ. కొబ్బరికాయకు రిబ్బన్లు నిలువుగా అతికించి చూడండి, నడుము దగ్గర ఆనుకున్న రిబ్బన్లు కొస దగ్గర ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. అందుకని ప్రతి పట్టీనీ ముక్కు వైపు సన్నం చేయాలి. నడుము దగ్గరా ముక్కు దగ్గరా కాగితపు పట్టీతో చుట్టు కొలిచి, రెండు చోట్లా ఒకే సంఖ్యలో భాగాలు చేసుకుంటే ఎంత సన్నం చేయాలో వచ్చేస్తుంది. సగం వెడల్పుకు మించి ఏ పట్టీనీ సన్నం చేయకండి. సూదిమొనలా చెక్కిన పట్టీ అసలు ఓడల మీద ఉండదు, మేకు పట్టదు కాబట్టి. అంత సన్నం కావాల్సి వస్తే రెండు పట్టీలను ఒకటిగా కలిపేయాలి. వెనక భాగంలో దీనికి విరుద్ధంగా, వెడల్పు చాలక మధ్యలో చిన్న ముక్క చొప్పించాల్సి వస్తుంది. అది తప్పేం కాదు, నిజం ఓడల్లోనూ అలాగే చేసేవాళ్లు.

పై పొర పట్టీలు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే ముక్కగా వేయకండి. అసలు పలకలు 24 అడుగులు అనుకుంటే మీ లెక్కలో ఆరు అంగుళాలు. అతుకులన్నీ ఒకే అడ్డపలక మీదకు రాకుండా మెట్లు మెట్లుగా జరపండి.

వంచడానికి వేడినీళ్లలో అరగంట నానబెట్టి, ఆకారానికి బట్టల క్లిప్పులతో బిగించి, రాత్రంతా ఆరనివ్వండి. జిగురు మర్నాడే. తడి పట్టీకి ఫెవికాల్ రాసి బిగించేస్తే ఆ పూటకు పని అయినట్టే ఉంటుంది, ఆరాక సందులు విడతాయి. ఫెవిక్విక్ లాంటివి నాలుగు చుక్కల సాయానికి సరే, దాని మరక పడినచోట పాలిష్ పట్టదు.

దీని నుంచే అసలు మన తీరపు సమస్య మొదలవుతుంది. విదేశీ పుస్తకాలు, వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లకు ఇది ఎవరూ చెప్పరు. కర్ర పొడవులో దాదాపు మారదు, వెడల్పులో మారుతుంది. ప్లై అడ్డపలకలు అటూ ఇటూ కదలవు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాలు, తలుపులు బిగుసుకుపోయే కాలం. అప్పుడు పట్టీ తేమ పీల్చుకుని ఉబ్బి ఉంటుంది. మే నెల గాడ్పుల్లో అదే పట్టీ ఒక శాతం, ఒకటిన్నర శాతం కుదించుకుంటుంది. ఐదు మిల్లీమీటర్ల పట్టీకి అది వెంట్రుకవాసి. కానీ ఇరవై పట్టీలు కలిసి గుంజితే ఆ సందులన్నీ బలహీనమైన ఒక్క అతుకు దగ్గర తేలతాయి, గోరు పట్టేంత చీలిక వస్తుంది. కొత్తపట్నం వైపు నుంచి నా దగ్గరికి రిపేరుకు వచ్చిన ఓడ ఒకటి అచ్చం ఇలాంటిదే. నవంబరులో పట్టీలు వేశారు, ఎండాకాలానికి ఎడమ పక్క ముక్కు నుంచి నడుముదాకా గీత విచ్చుకుంది. దాంట్లో లప్పం కుక్కి తెచ్చారు. అసలు చిక్కు అది: వానాకాలం పట్టీ ఉబ్బినప్పుడు లప్పం చోటివ్వదు, పట్టీయే పైకి లేస్తుంది. మొత్తం లప్పం గీకేసి, చలికాలం పోయేదాకా ఆగి, అదే కర్రతో సన్న చీలిక దించాను.

కాబట్టి పట్టీల పని జనవరి నుంచి మార్చి మధ్యలో పెట్టుకోండి. పట్టీలు కోశాక అదే గదిలో మూడు నాలుగు వారాలు విడివిడిగా పరిచి ఉంచండి. పట్టీని అడ్డపలకకే కాదు, పక్క పట్టీ అంచుకు కూడా అంటించండి. డెక్ మూసేయక ముందు ఓడ ఒంటి లోపల కూడా రెండు కోట్లు సీలర్ కొట్టండి. బయట మాత్రమే పాలిష్ చేస్తే తేమ లోపలి నుంచి వస్తుంది. ఇది నూటికి తొంభై మంది వదిలేస్తారు. ఓడను ఏసీ గదిలో పెట్టే ఉద్దేశం ఉంటే గాజు పెట్టె తప్పనిసరి.

కొయ్యలూ తాళ్ల సంగతి ఇప్పుడు క్లుప్తంగానే చెప్తాను, మీరు అక్కడికి వచ్చేసరికి ఎలాగూ చాలా టైం ఉంది. కొయ్యను గుండ్రంగా చేయడానికి ముందు చదరపు కర్ర తీసుకుని, ప్రతి ముఖం వెడల్పునూ 7, 10, 7 నిష్పత్తిలో గీత పెట్టి, మూలలు చిత్రిక పడితే సరైన ఎనిమిది పలకలు వస్తాయి. తర్వాత డ్రిల్లుకు బిగించి గరుకు కాగితంతో తిప్పండి. పలకలకు కొట్టే చెక్కమేకులకు వెదురు చీలికలు వాడండి. కంసాలి దగ్గర తీగ లాగే కమ్మచ్చు చూసే ఉంటారు, వెదురు చీలికను పెద్ద రంధ్రం నుంచి చిన్న రంధ్రానికి వరసగా లాగితే అర మిల్లీమీటరు పుల్ల వస్తుంది. తాళ్లకు నూలు దారం వద్దు. పురిపెట్టిన నూలు తేమకు బిగుస్తుంది, ఎండకు వదులవుతుంది, ఏడాది తిరిగేసరికి కొయ్యలను పక్కకు లాగేస్తుంది. పాలిస్టర్ దారానికి తేనెమైనం రాసి వాడండి. కొయ్యలను నిలబెట్టే తాళ్లు తారు పూసినట్టు ముదురు రంగు, తెరచాపలను లాగే తాళ్లు లేత రంగు. తెరచాపలు మొదటి ఓడకు మానేయండి. ఎంత సన్న గుడ్డ అయినా ఆ స్కేలుకు గోనెపట్టాలా ఉంటుంది.

మోటుపల్లి ఓడ. మీ కోరిక నాకు అర్థమైంది, నాకూ ఉంది. 1244లో కాకతి గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయశాసనం చదివితే ఒళ్లు పులకరిస్తుంది. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు అంతకుముందు రాజులు లాక్కునేవాళ్లట, తాను న్యాయమైన సుంకం తప్ప ఏమీ తీసుకోనని మాట ఇచ్చాడు. కానీ ఆ శాసనం సరుకుల గురించి, సుంకాల గురించి చెప్తుంది, ఓడ పొడవెంత, కొయ్యలు ఎన్ని అని చెప్పదు. అంతకంటే పాతవైన యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంది. అందులో తెలిసేది వంపు తిరిగిన ఒళ్లు, కొయ్యలు, అంతే. గోరంత బొమ్మ నుంచి అడ్డపలకల ఆకారాలు తీయలేం. చేస్తే చేయండి, తప్పు కాదు, కానీ కింద పలక మీద ‘ఊహా నమూనా’ అని రాయండి. ఇలాంటివి ‘కాకతీయుల ఓడ’ అని పేరు పెట్టి షోకేసులో పెట్టేవాళ్లను చూశాను, స్కూలు పిల్లలు దాన్నే నిజమనుకుంటారు.

మన తీరానిదే కావాలంటే రెండో ప్రాజెక్టుగా మసూలా పడవ చేయండి. కోరమాండల్ ఒడ్డున పెద్ద ఓడల నుంచి సరుకు, మనుషుల్ని అలల మీదుగా దించిన పడవ అది. తెడ్లతో నడిచేది, ఇప్పుడు మీరడిగిన తెరచాప ఓడ కాదు, కానీ చరిత్ర మనది. అడ్డపలకలు ఉండవు, మేకులు ఉండవు. పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టి, కుట్టు కింద పీచు దట్టిస్తారు. అల కొట్టినప్పుడు పడవ విరగకుండా వంగుతుంది. నమూనాలో అస్థిపంజరం లేకుండా వంపు నిలపాలి కాబట్టి ముందు పొణికి దిమ్మెతో అచ్చు చెక్కి, దాని మీద పలకలు కుట్టి, తర్వాత అచ్చు తీసేయాలి. సుల్తానా చేసిన చెయ్యికి అది భారం కాదు.

ప్లాన్ వచ్చి, అడ్డపలకలు నిలబెట్టి, అంచులు అరగదీశాక ఇక్కడ ఒక ఫొటో పెట్టండి. పట్టీలు అంటించక ముందే. గదిలో లైటు ఆర్పేసి, టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేసి తీయండి, మెరకపల్లాలు నీడల్లో కనపడతాయి. ఎక్కడ సరిచేయాలో చూసి చెప్తాను.